పక్క ఫ్యాక్టరీ బండలు

బేతంచెర్లలో ఓబుళేశు, శివశంకర్‌ల బండల పాలిష్ ఫ్యాక్టరీలు పక్కపక్కనే ఉంటాయి. ఇద్దరూ ఒకే ఏడాది మొదలుపెట్టారు. ఒకే గనుల రాయి, ఒకే రకం మిషన్లు. అయినా లారీలు శివశంకర్ గేటు ముందే ఆగేవి. బెంగళూరు నుంచి కార్లలో దిగిన బేరగాళ్లు ఓబుళేశు వైపు చూడనైనా చూడకుండా అటే నడిచేవారు. శివశంకర్ నవ్వుతూ పలకరించినా ఓబుళేశుకు కడుపు మండేది. వాళ్లింటి కొత్త వరండా బాగుందని భార్య నాగజ్యోతి అంటే ఆ పూట అన్నం సయించేది కాదు.

ఒక వేసవి పొద్దున, శివశంకర్ ఫ్యాక్టరీ గోడకు ఆనించి రోడ్డు పక్కన నిలబెట్టిన బండల వరుస ముందుకు ఒరిగి ఉండటం ఓబుళేశు చూశాడు. మిషన్ల నీళ్లు పారి కింద నేల మెత్తబడింది, అడ్డం పెట్టిన మొద్దు జారింది. పడితే సరుకంతా పగులుతుంది, పగలనీ అనుకున్నాడు. మనుషుల సంగతి తట్టలేదు. తన పనిలోకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం, కోసిగి నుంచి కూలికి వచ్చిన సంతోషమ్మ సద్ది తినడానికి ఆ బండల నీడలో కూర్చుంది. బండలు ఆమె మీద పడ్డాయి. కర్నూలు ఆసుపత్రిలో ఎడమ కాలు మోకాలి దాకా తీసేశారు.

ఆమె తరఫున హరిత అనే లాయరు నష్టపరిహారం కేసు వేసింది. బండలు ఒరిగిన సంగతి తమకు తెలియదని, ఆమె కూర్చోకూడని చోట కూర్చుందని శివశంకర్ లాయరు వాదించాడు. ప్రమాదం ముందే కనిపించిందని చెప్పేవాళ్లు కావలసి వచ్చింది. ఓబుళేశు తనంతట తానే హరిత దగ్గరికి వెళ్లాడు. శివశంకర్ పదిమందిలో తల దించుకోవడం చూడాలని ఎన్నాళ్ల కోరికో.

బోనెక్కి చూసినదంతా ఉత్సాహంగా చెప్పాడు. అవతలి లాయరు ఒకటే అడిగాడు.

"మరి పక్కవాళ్లకు చెప్పారా?"

"లేదు సార్."

హరిత లేచి, బండలను భద్రంగా ఉంచాల్సింది ఫ్యాక్టరీ యజమానే గానీ, చూసినవాడి మీద హెచ్చరించే బాధ్యతను చట్టం పెట్టలేదని చెప్పింది. జడ్జి ఒప్పుకున్నారు. చివరికి నిర్లక్ష్యం శివశంకర్‌దేనని తేల్చారు. చూసుకోకుండా అక్కడ కూర్చుందని సంతోషమ్మ పరిహారంలో కొంత కోశారు.

కోర్టు బయట శివశంకర్ ఎదురుపడ్డాడు. గొంతులో కోపం లేదు.

"ఒక్క మాట చెప్పింటే అప్పుడే తీపిచ్చింటి గదప్పా."

తర్వాత శివశంకర్ కోర్టు కోసిన భాగం కూడా కలిపి ఇచ్చాడు. బండలు లోపలికి మార్చి ఇనుప స్టాండ్లు పెట్టించాడు. తన గేటు పక్కనే సంతోషమ్మ చేత టీ అంగడి పెట్టించాడు. తప్పు చేసినా మంచి మనిషేనని ఊరంతా అన్నది. లారీలు తగ్గలేదు. ఓబుళేశు వస్తే మాత్రం మాట్లాడుకుంటున్న వాళ్లు ఆగిపోయేవారు. తప్పు మోసి, పరిహారం కట్టి, తేలికపడిన శివశంకర్‌ను చూస్తే అతనికి మునుపటికన్నా ఎక్కువ ఓర్వలేనితనం కలిగేది.

ఒకరోజు టీ అంగడికి వెళ్లి, ముందర బురద లేకుండా బండలు పరిపిస్తానని సంతోషమ్మతో అన్నాడు.

"కోర్టు నీమింద ఏమీ ఎయ్యలేదు గదన్నా. నీకాడ నేనేమని తీసుకుందు?" అంటూ ఆమె టీ అందించింది.

అంతలో శివశంకర్ వచ్చి, జారిపడిన ఊతకర్రను తీసి ఆమెకిచ్చాడు. ఆమె నవ్వింది. ఓబుళేశు సగం టీ అక్కడే పెట్టేసి తన గేటు వైపు నడిచాడు.