గుమ్మానికి మళ్ళీ వేపమండ

మూడో నీళ్ళు పోయడం అయింది. పసుపు, వేపాకు వేసి ఎండలో కాగిన నీళ్ళు మనవరాలు తేన్మొళి తల మీంచి పోసి, పేచ్చియమ్మాళ్ గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో అమ్మవారుంది, ఎవరూ రావొద్దని గుర్తుగా కట్టిన వేపమండలు వాడిపోయి ఉంటే లాగి పారేసింది.

"అమ్మవారు దిగిపోయింది. ఇక బడికి పంపు," అంది కోడలు సుగంధితో.

తేన్మొళికి కావలసింది అదే. మధ్యాహ్నం పక్కూరి బడితో కబడ్డీ పోటీ.

సుగంధి కూతురి తల తుడుస్తూ చెవి వెనక జుట్టు పక్కకి తీసింది. ఒంటి మీదవన్నీ పక్కు కట్టాయి గానీ, ఇక్కడ ఒక పొక్కు ఇంకా నీరు నిండి మెరుస్తోంది. పక్కనే మరొకటి. అన్నీ ఎండేదాకా పంపొద్దని నర్సమ్మ గట్టిగా చెప్పింది.

"దోమ కుట్టిందమ్మా," అంది తేన్మొళి.

"దోమ కుడితే నీరెక్కుతుందా?"

"నీళ్ళు పోశాక ఇంకా వెతుకుతావేంటే?" అత్త విసుక్కుంది. "నీ మొగుడు మూడో నీళ్ళు పోసిన మర్నాడే బడికెళ్ళాడు."

"ఆ ఏడే వీధంతా మంచం పట్టిందని మీరే అన్నారు కదత్తా."

పేచ్చియమ్మాళ్ బిందె సర్దుకుంది.

"పోనీ, మండ మళ్ళీ కడదామా?" అంది సుగంధి.

"చాల్లే. వెళ్ళిన అమ్మవారిని వెనక్కి పిలుస్తావా?"

ఇంతలో తేన్మొళి జట్టులోని ముత్తుసెల్వి వాకిట్లోంచి కేకేసింది. "పిన్నీ, మండ తీసేశారని టీచర్‌కి ఫోన్లో చెప్పేశా. తేన్మొళిని తనే బండి మీద తీసుకెళ్తుందట. వస్తోంది."

సుగంధి చేతిలోని తువ్వాలు అక్కడే పడేసి పరిగెత్తింది. అంగయర్‌కణ్ణి టీచర్ కడుపుతో ఉంది. తనకి చిన్నప్పుడు అమ్మవారు పోయలేదని ఆవిడే ఒకసారి చెప్పింది.

వీధి మొదట్లోనే బండి ఎదురైంది.

"అక్కడే ఆగండి టీచర్."

"మండ తీసేశారటగా సుగంధీ? నాకు జట్టులో ఏడో పిల్ల లేదు."

"తీసేశాం. పొక్కులు మాత్రం ఎండలేదు. మీరా కడుపుతో ఉన్నారు. మా గుమ్మం తొక్కొద్దు."

"ఆరుగురితోనే ఆడిస్తాలే," అని టీచర్ అట్నుంచటే బండి తిప్పేసింది.

ఇంట్లో తేన్మొళి గోడకేసి తిరిగి కూర్చుంది. "ఓడిపోతే తప్పు నీదే."

"సరే, నాదే."

అత్త కనబడలేదు. పెరట్లో చూస్తే వేపచెట్టు కొమ్మ వంచి లేత మండలు విరుస్తోంది.

"టీచరమ్మ కడుపుతో ఉందని ముందే చెప్పి ఏడవొద్దూ? నువ్వు పరిగెత్తాక ముత్తుసెల్వి చెబితే గానీ నాకు తెలియాలా?"

"మండ కడితే అమ్మవారు వెనక్కొస్తుందన్నారు కదత్తా?"

"వస్తే నేను మాట్లాడుకుంటాను. నువ్వొచ్చి స్టూలు కదలకుండా పట్టుకో."