వద్దనే నోరు

ఫోను తీగ తెగిపోతే ఎట్లప్పా, గాలికి చూడు ఎట్ల ఊగతాండాదో, అని పైకే అనేసినాను, నా బిడ్డ చేస్తానన్న ఫోను ఇంకా మోగనే లేదు, ఢిల్లీ నుంచి వచ్చిన ఆఫీసరు నవ్వి భయపడొద్దమ్మా అన్నాడు, నా భయం కోసమే గదా ఆయప్ప పుంగనూరు దాకా కారేసుకోని వచ్చింది, మా వీధి రామప్పే చెప్పింటాడు, వాళ్లమ్మ వద్దంటే సుప్రజ గడప దాటదు సార్ అని, ఆ రామప్ప నా కాఫీ తాగతా ఎట్ల కూర్చోనుండాడో చూడు, నిజమే, మదనపల్లెలో నర్సు చదువుకు వద్దన్నాను, కుప్పంలో ఉద్యోగమొస్తే ఆ దిక్కు ఏనుగులు దిగతాయి వద్దన్నాను, యుద్ధం జరిగే దేశంలో ఐక్యరాజ్యసమితి ఆస్పత్రి అంటే అన్నం మానేసినాను, ప్రతిసారీ నన్ను ఒప్పించినాకే పోయింది నా బిడ్డ, ఆ ఆస్పత్రిలో మంచాల మీదుండే గాయాలోళ్లను బయటికి లాగించి కాల్పించినాడంట ఒక సేనాపతి, సుప్రజ కళ్లారా చూసింది, వాడిప్పుడు ఆ దేశానికే అధ్యక్షుడంట, అంతర్జాతీయ కోర్టు సాక్ష్యానికి పిలిచింది, ఆఫీసరేమో, ఆ దేశం మనకు చమురిస్తుందమ్మా, పాప నోరు తెరిస్తే ప్రభుత్వానికి ఇబ్బంది, ఉద్యోగం, పాస్‌పోర్టు ఏదీ మిగలదు, తల్లివి, వద్దని ఒక్క మాట చెప్పు చాలు, అంటాండగానే ఫోను మోగింది, అమ్మా, రేపే కోర్టు, నీ పక్కన ఎవరుండారో నాకు తెలుసు, నువ్వు పొమ్మంటేనే పోతా.

వద్దు అనే మాట నాలిక చివర ఉండాది, అలవాటైన మాట గదా, మా నాయన గుర్తొచ్చినాడు, పొలం గట్టు తగాదాలో కాణిపాకం వినాయకుడి గుడికి పోయి ప్రమాణం చేస్తానని బయల్దేరినప్పుడు మాయమ్మ వాకిట్లో ఏడ్చింది, ఏడ్చిందే గానీ ఆపలేదు, ప్రమాణానికి పోయేటోళ్లను ఎనక్కి పిలిస్తే ఆ అబద్ధం పిలిచినోళ్లదే అవుతాది అనింది, నాయన తడిబట్టలతో స్వామి ముందర నిలబడినాడు, ఎదుటి మనిషి ఊరికంతా పెద్ద, గుడి మెట్టు కాడే కాళ్లాడక ఆగిపోయినాడంట, మరి ఈ ఆఫీసరు నుదుట చెమట ఏల, ఫ్యాను తిరగతానే ఉండాది గదా, చెప్పమ్మా చెప్పు అని చేతులు నలుపుకుంటాడే, రామప్పేమో, ఏంది వదినా, వద్దనేదానికి నీకు ఇంతసేపా అని ఎకసెక్కమాడతాండాడు, అమ్మా, ఉండావా అని సుప్రజ, అంత పెద్ద అధ్యక్షుడు, ఇంత పెద్ద ప్రభుత్వం, నేను కన్న పిల్ల ఒక్క మాటకు జడిసి నా గడప తొక్కినారే, పిల్లి అడుగుకు కూడా ఉలిక్కిపడే నా గడప, అయితే ఈ ఇంట్లో ఎక్కువ భయపడతాండేది నేను కాదు.

ఉండాను పాపా, పో, చూసింది చూసినట్టు చెప్పు.