గుమ్మం బయట ప్లీడరమ్మ

తప్పు చేసినవాణ్ణి జైల్లో పెడితే అదో లెక్క. బస్సు డ్రైవరైన అన్నయ్యను పెట్టింది మాత్రం, రేపు మళ్ళీ సమ్మె చేయించి రోడ్లు ఆపుతాడేమోనని! కేసు లేదు, విచారణ లేదు. అయినా చట్టం మరీ గుడ్డిదేం కాదు. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, అతను పెట్టుకున్న అర్జీకి సర్కారు జాగు చేయకుండా జవాబివ్వాలి, జడ్జీలుండే సలహా మండలి అతని మాట వినాలి. మండలి కాదంటే వదిలేయాల్సిందే.

చెల్లెలు లా చదివింది. అన్నయ్య తరఫున తనే వాదించాలని ఆగమేఘాల మీద ప్లీడరు పట్టా పుచ్చుకుని, నల్లకోటు తొడుక్కుని వచ్చింది. వచ్చాక తెలిసింది, మండలి ముందుకు ప్లీడర్లు రాకూడదట! తోడుగా చుట్టమో స్నేహితుడో వెళ్ళొచ్చు, ప్లీడరు కాకపోతే చాలట. మొన్నటిదాకా వెళ్ళదగ్గ మనిషే, తన తొందరతో తనే తలుపేసుకుంది.

"చేతులు కాలాక ఆకులెందుకులే. నేను వెళ్తా, ఏం చెప్పాలో చెప్పు," అంది వదిన. బట్టలు కుడుతూనే పాఠం వింది. ఒకటే ముక్క: అర్జీకి జవాబు రాలేదు.

"జడ్జీలతో పోట్లాడకు వదినా."

"నీతోనే నెగ్గుకొస్తున్నా, వాళ్ళతో పోట్లాడతానా!"

మండలి కూర్చున్న రోజు వరండాలో ఇద్దరూ నిలబడి ఉండగా సర్కారు ఆఫీసరు లోపలికి వెళ్ళాడు. వెనకే ఫైలు పట్టుకుని ఇంకొకాయన. చెల్లెలు గుర్తుపట్టింది. ఆయన సర్కారు ప్లీడరు. కోటు విప్పేస్తే ప్లీడరు కాకుండా పోతాడా!

"వదినా, ఆయన ప్లీడరు. వాళ్ళు తెచ్చుకుంటే మనకూ తెచ్చుకునే హక్కుంది. అడుగు!"

వదిన లోపలికెళ్ళింది, తలుపు మూసుకుంది. తన తొందర వల్ల అన్నయ్య జైల్లోనే ఉండిపోతే? చెల్లెలు తలుపు దగ్గరికి జరిగింది.

వదిన గొంతు గోడలు దాటే రకం.

"అయ్యా, మా ఇంటి ప్లీడరేమో గుమ్మం బయట, వాళ్ళ ప్లీడరేమో కుర్చీలోనా? ఇదెక్కడి న్యాయమండీ?"

తర్వాత పెద్ద జడ్జీ గొంతు వినిపించింది.

"ఆయన బయటికైనా వెళ్ళాలి, ఆ అమ్మాయి లోపలికైనా రావాలి."

ప్లీడర్ని వదులుకునే ధైర్యం ఆఫీసరుకు లేదు. తలుపు తెరుచుకుంది.

అన్నయ్య చిక్కిపోయాడు. కోటులో చెల్లెల్ని చూసి నవ్వబోయాడు గానీ కళ్ళు నిండిపోయాయి. అటు చూస్తే తనకు మాట పెగలదని ఆమె జడ్జీల వైపే చూసింది.

"మా అన్నయ్య అర్జీ పెట్టుకున్నాడు. దానికి జవాబేదండీ?"

ఆఫీసరు ప్లీడరు వంక చూశాడు. ప్లీడరు ఫైలు తిరగేశాడు, మూసేశాడు.

"పరిశీలనలో ఉందండి."

"మనిషి జైల్లో ఉంటే, అర్జీ పరిశీలనలో ఉందా?" అన్నాడు పెద్ద జడ్జీ.

అన్నయ్యను లోపల ఉంచడానికి కారణం చాలదని మండలి తేల్చింది. అతను ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే, ఇన్నాళ్ళూ కంట తడి పెట్టని వదిన గోడకు చేరగిలబడి బావురుమంది.