కప్పులామెకు వినిపించింది

ముందే చెబుతున్నాను, నాకు అక్షరాలు వచ్చింది యాభై ఆరో ఏట. ఒత్తులు అక్కడక్కడా తప్పిపోతాయి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక రోజు పడుతుంది. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నేను ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళు దుప్పట్లు మడతపెట్టాను. నాకు అవతలి కొస పట్టుకునేది మా వదిన, అంటే మా ఆయన అక్క. పెద్ద దుప్పటి ఒక్కరివల్ల మడత పడదు. ఇద్దరూ చెరో రెండు మూలలు పట్టుకుని, వెనక్కి వాలి గట్టిగా లాగి, ఒక్కసారి దులిపి, ఎదురెదురుగా నడవాలి. చేతులు కలిసే చోట ఒకరు తమ మూలలు రెండోవారి చేతిలో పెట్టాలి. ఇవతల చెయ్యి వణికితే అవతల చేతికి తెలిసిపోతుంది. ఆ సంగతి ఆ సీరియల్ వచ్చేదాకా నాకు తట్టలేదు.

మా ఆయన పోయాక వదినే నన్ను తన రెండు గదుల ఇంటికి తెచ్చుకుంది. ఈ పనిలోనూ పెట్టించింది. ఆవిడకూ ఎవరూ లేరు. ఇద్దరికీ ఒకే పొయ్యి, ఒకే తాళంచెవి. ఆవిడ పొమ్మంటే వెళ్ళడానికి నాకు ఇంకో గుమ్మం లేదు.

లాండ్రీలో భోజనాల వేళకి గోడమీది టీవీలో ముందురోజు సీరియల్ మళ్ళీ వచ్చేది. అందులో ఒకామె ఉండేది. ఆమె భర్త వెనక గదిలో నిచ్చెన మీంచి పడతాడు. రెండుసార్లు పిలుస్తాడు. ఆమె వంటింట్లో కొళాయి కింద కప్పులు కడుగుతూ ఉంటుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ తర్వాత మిగతా కప్పులన్నీ కడిగి, వరసగా బోర్లించి, చెయ్యి తుడుచుకుని అప్పుడు వెళుతుంది. అప్పటికి అతను పోయి ఉంటాడు. కొళాయి చప్పుడులో వినపడలేదని అందరికీ చెబుతుంది. మొహం చూస్తే ఏమీ తెలియదు. మావాళ్ళు ఆమెకు కప్పులామె అని పేరు పెట్టారు.

అది మొదటిసారి చూసినప్పుడు నాకు నోట్లో ముద్ద దిగలేదు.

ఎందుకో చెబుతాను. మా ఆయన పోయిన రోజు, మిట్టమధ్యాహ్నం, నేను మేడమీద బట్టలు ఆరేస్తున్నాను. కింది నుంచి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు, ఈసారి గొంతు వేరేగా ఉంది. బకెట్‌లో ఇంకా ఏడు బట్టలున్నాయి. ఏడూ ఆరేశాను. క్లిప్పులు పెట్టాను. బకెట్ బోర్లించి దిగాను. అతను గుమ్మానికి అడ్డంగా పడి ఉన్నాడు. పక్క వీధి నుంచి వదిన పరుగెత్తుకొచ్చింది. "పైన గాలి వదినా, వినపడలేదు" అన్నాను. అందరూ ఏడుస్తుంటే తను మేడెక్కి బట్టలు తీసుకొచ్చింది.

అతను కొట్టేవాడు. ఆ మాట చెబితే మీరు నా వైపుకు వచ్చేస్తారని తెలుసు. అందుకే ఒక్కసారే చెప్పి ఊరుకుంటున్నాను.

లాండ్రీ రెండుగా చీలిపోయింది. వాషింగ్ మిషన్ల దగ్గర పనిచేసే అక్క కంచం పక్కకు నెట్టేది.

"దానికేం చెవుడా? మొగుడు రెండుసార్లు అరిచాడు!"

"కొళాయి తిప్పి ఉందిగా" అనేవాడు ఇస్త్రీ బాబాయ్. "మిషన్ తిరుగుతుంటే నేను పిలిచింది నీకెప్పుడైనా వినపడిందా?"

"వినపడుతుంది బాబాయ్. నువ్వు పిలిచేది పనికి కాబట్టి పలకను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

"అసలు ఆమె మంచిదో చెడ్డదో తేల్చకుండా ఇదేం సీరియల్? చూసేవాళ్ళకి నచ్చే మనిషి ఒక్కరైనా ఉండొద్దూ?" అంది అక్క.

"నచ్చకపోతే కూర చల్లారిపోతున్నా నోరు తెరుచుకుని ఎందుకు చూస్తున్నావు తల్లీ?"

వదిన మాత్రం వాదనలోకి దిగేది కాదు. తినడం అయ్యాక లేచి, చెయ్యి కడుక్కుంటూ, రోజూ ఒకే మాట అనేది.

"వినిపించింది."

ఆ మాట విన్నాక దుప్పటి పట్టుకోవాలి. ఎదురు నడవాలి. నా వేళ్ళు ఆవిడ వేళ్ళకు తగలాలి. నా కొసలు కుదురుగా ఉండేవి కావు. ఒకరోజు ఆవిడ మధ్యలో ఆగిపోయింది.

"ఏమే, నీకా సీరియల్ అంటే అంత చిరాకెందుకు?"

"నచ్చదు వదినా."

"నచ్చంది సీరియలా, ఆమెనా?"

నేను నా మూలలు ఆవిడ చేతిలో పెట్టేశాను. ఆవిడ ఇంకో దుప్పటి తీసింది.

మరుసటి వారం టీవీవాళ్ళు ఒక ప్రకటన వేశారు. కప్పులామె కథలో ఉండాలా, వెళ్ళిపోవాలా, చూసేవాళ్ళు ఉత్తరం రాయాలట. ఆదివారం మధ్యాహ్నం వదిన బల్లమీద కాగితం పెట్టింది.

"రా, పంతులమ్మా. నేను చెబుతాను, నువ్వు రాయి."

ఆవిడకు చదువు రాదు. ఆ ఇంట్లో అక్షరాలు నాకే వచ్చు.

"అయ్యా, అమ్మా, ఎవరైతే వాళ్ళకి. నేను ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెడతాను. కప్పులామెకు వినిపించింది. రాశావా?"

"రాస్తున్నా వదినా."

"ఏమిటా వణుకు? చలిజ్వరమా?"

"కొత్త పెన్ను."

"ఊఁ. రాయి. అలాంటి మనిషి నాకొకరు తెలుసు."

నా చెయ్యి ఆగింది. సరిగ్గా ఆ కొళాయి కింద చెయ్యి ఆగినట్టే ఆగింది, అది నాకే తెలిసింది. ఆవిడకు చదవడం రాదు కదా, అలాంటివాళ్ళెవరూ తెలియదని రాసేద్దామనుకున్నాను. కానీ రేపు ఇస్త్రీ బాబాయ్ చేత చదివించుకుంటే? ఆవిడ చెప్పిందే రాశాను.

వదిన కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

"ఇది ఉత్తరంలోకి కాదు. ఆరోజు గాలన్నావు. నేను పైకి వెళ్ళేసరికి తాడుమీద ఒక్క బట్ట కదలడంలేదు. నీ చీర నిలువుగా వేలాడుతోంది. బకెట్ బోర్లించి ఉంది."

పద్నాలుగేళ్ళు. ఈ మనిషి నాకు రోజూ అన్నం వడ్డించింది.

"మరి నన్నెందుకు తెచ్చుకున్నారు?" అన్నాను.

"వాడి చెయ్యి నాకు తెలుసు. చిన్నప్పుడు నా జుట్టు పట్టుకుని ఈడ్చింది కూడా ఆ చెయ్యే. అలాగని నువ్వు చేసింది నాకు ఒప్పనిపించలేదు. వాడు నా తమ్ముడు. మొదట్లో రోజూ అనుకునేదాన్ని, ఇవాళ దీన్ని పొమ్మందామని. ఎదురుగా ఉంటే నువ్వేం చేస్తావో చూడొచ్చులే అనుకున్నా."

"ఇప్పుడు పొమ్మంటారా?"

"నువ్వంటే నాకు ఇష్టం లేదే. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పెన్ను పట్టుకో. కప్పులామెను తీసెయ్యొద్దు. చివర్లో ఏడిపించి మంచిదాన్నీ చెయ్యొద్దు. ఆమె నాకు నచ్చనక్కర్లేదు. రేపు ఏం చేస్తుందో చూడాలి నాకు. అంతే. కింద నా పేరు పెట్టు."

పెట్టాను. సోమవారం పోస్టులో వేసి, తిరిగొచ్చి, దుప్పటి మూలలు అందుకున్నాం.

టీవీవాళ్ళు ఆ ఉత్తరం చదివారో లేదో తెలియదు. నెల తిరక్కుండానే కప్పులామె భర్త ఫోటో ముందు కూలబడి భోరున ఏడ్చి, క్షమించమంది. లాండ్రీలో అందరూ కళ్ళొత్తుకున్నారు. మిషన్ల అక్క అయితే "పోనీలే పాపం" అని ముక్కు చీదింది. వదిన లేచి వెళ్ళి టీవీ కట్టేసింది.

"ఛీ, పాడు చేశారు."

ఆవిడ మళ్ళీ ఆ సీరియల్ చూడలేదు. ఆరోజు నుంచి నేను ఆవిడ ముందు కన్నీళ్ళు పెట్టలేదు. ఏడిస్తే నన్ను కూడా చూడటం మానేస్తుందని భయం.

పని మానేశాక ఆవిడకు కాళ్ళు పడిపోయాయి. మంచంలోంచి పిలిచేది. నేను చేతిలో ఏముంటే అది పడేసి పరుగెత్తేదాన్ని. ఒకసారి పాలగిన్నె కూడా ఒలికింది.

"ఏం కావాలి వదినా? నీళ్ళా?"

"ఏమీ వద్దు. వినపడుతోందో లేదో చూశా" అని కళ్ళు మూసుకునేది. రోజుకు రెండుసార్లు, మూడుసార్లు. నేను స్నానానికి వెళితే తలుపు తీసే ఉంచేదాన్ని. కూరగాయలకు వెళితే మెట్లమీద ఆగి చెవి పెట్టి వినేదాన్ని.

పోయిన వేసవిలో, మధ్యాహ్నం, నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. కొళాయి తిప్పి ఉంది. అంతసేపూ పిలుపు రాలేదేమిటా అనిపించి, నురగ చేతులతోనే వెళ్ళి చూశాను. ఆవిడ పోయి ఉంది. తల వంటింటి వైపు తిరిగి ఉంది. నోరు కొద్దిగా తెరిచి ఉంది.

నాకు ఏ పిలుపూ వినపడలేదు. ఈసారి ఇది నిజం. నమ్మేదీ నమ్మనిదీ తేల్చగలిగిన మనిషి ఆవిడే, ఆవిడే లేదు. రోజూ మధ్యాహ్నం కొళాయి కట్టేసి కాసేపు నిలబడతాను. ఏమైనా వినపడుతుందేమోనని భయం. వినపడకపోయినా భయంగానే ఉంటుంది.

నేను మీకు నచ్చనక్కర్లేదు. ఇక్కడిదాకా చదివారు, అది చాలు.

అందరూ నన్ను మడతల పిన్ని అంటారు. వయసు డెబ్భై. లాండ్రీ వెనక వీధిలో, మూడో అంతస్తులో, వదిన ఇంట్లోనే ఉంటున్నాను.