ఏడు పూతల కింద

షహర్బానుతో కాపురం చేసే మనిషెవడూ పోర్షా కారు గొప్పతనం గురించి నోరెత్తకూడదు. ముప్పై రెండేళ్ళ అనుభవం మీద హయాత్ బాషా తేల్చుకున్న సంగతి ఇది. ఇంజను వెనకెందుకుందంటుంది. డిక్కీ ముందుకెందుకొచ్చిందంటుంది. ఫొటోలో వెనక సీటు చూసి, అందులో కూర్చోడానికి కాళ్ళు ఇంట్లో వదిలి వెళ్ళాలా అని అడుగుతుంది. బియ్యం బస్తా పట్టని బండితో జర్మనీవాడు అంత పేరెలా సంపాదించాడో ఆవిడకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆ ఉదయం కూడా షార్జా అల్ నహ్దాలోని ఇరుకు వంటింట్లో టిఫిను డబ్బా మూత బిగిస్తూ అదే పాట ఎత్తుకుంది. అతను బూట్ల తాళ్ళు కట్టుకుంటూ విన్నాడు. ఎల్లుండి ప్రొద్దుటూరు ప్రయాణం. వీసా రద్దు కాగితాల మీద సంతకం పెట్టేశాడు. షార్జాలోని పాత కార్ల గ్యారేజీలో పెయింటరుగా అతనికిది ఆఖరి రోజు.

హయాత్ బాషా పొట్టి మనిషి. అరవై ఒకటో ఏడు. నడుం కాస్త ఎడమకు వంగింది, కారు తలుపు దగ్గర కూర్చునే తీరు అది. నీళ్ళ కాగితం, అదే తడిపి వాడే గరుకు కాగితం, పెట్టి రుద్దీ రుద్దీ వేళ్ళ మీద గీతలు చెరిగిపోయాయి. ఎయిర్‌పోర్టులో వేలిముద్రల మిషను అతన్ని ఎన్నడూ ఒక్కసారిలో ఒప్పుకోలేదు.

గ్యారేజీలో ఎర్ర పోర్షా అతని కోసమే నిలబడి ఉంది. డెబ్బై మూడు నాటిది, వెనక బాతు తోకలాంటి రెక్క. ఆ రకం బండ్లను పందేల కోసం తయారు చేస్తూ, ఐదొందలైనా అమ్ముడుపోతాయా అని కంపెనీ భయపడింది. చివరికి పదిహేనొందలు దాటాయి. ఇప్పుడు వాటి ధర కోట్లలో పలుకుతుంది, అందుకే మామూలు బండికి బాతు తోక తగిలించి అసలుదని అమ్మేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు.

ఇదీ అలాంటిదేనని తేల్చాడు మహీధర్. బెజవాడ ఇంజనీరు, గ్యారేజీకి ముదీర్, అంటే మేనేజరు, మంచివాడే. పెయింటు మందం కొలిచే మిషను తలుపు మీద పెడితే అంకె మామూలుకు ఆరేడు రెట్లు వచ్చింది. లోపలంతా పుట్టీ, ఎప్పుడో నుజ్జయిన బండిని పూడ్చి నిలబెట్టారు అన్నాడు. గ్యారేజీ యజమాని కఫీల్ నిట్టూర్చి, నకిలీదైతే రేకు దాకా గీకించి నల్ల రంగు కొట్టించమన్నాడు.

గీకడం హయాత్ బాషా వంతు. అతను గీకే మిషను ప్లగ్గు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. వెనకటికి ఒక జర్మను కస్టమరు చెప్పిన కథ ఉంది. ముప్పై నాలుగులో ఏదో పందెం ముందు బెంజి బండి పందెం హద్దు కంటే ఒక్క కిలో ఎక్కువ తూగితే, తెల్ల రంగంతా గీకేసి వెండి రంగు రేకుతోనే దింపారట. అబద్ధమనేవాళ్ళూ ఉన్నారు. హయాత్ బాషాకు మాత్రం ఒకటే సందేహం: నడిపినవాడి పేరుంది, గెలిచినవాడి పేరుంది, గీకినవాడి పేరేది?

వేలి కణుపుతో తలుపు మీద కొట్టాడు. పుట్టీ ఉంటే చప్పుడు మొద్దుగా వస్తుంది. ఇది పలచగా మోగింది. ఇప్పుడు మిషను ఆడిస్తే కింద ఏముందో మళ్ళీ ఎవరూ చూడలేరు. ఈ దేశంలో తన ఆఖరి పని అదే అవుతుంది.

"ఒగ గంట ఇయ్యండి సార్. చేత్తో సూస్తా."

కొలిచే మిషను అబద్ధం చెప్పదన్నాడు మహీధర్. పెయింటు డబ్బాలు సర్దుతున్న మల్లేశ్ నవ్వాడు. "ఆఖరి రోజు గూడ నీళ్ళ కాయితమేనా బాషన్న? జర ఆరామ్ చేయరాదే."

గంటన్నాడు గానీ మధ్యాహ్నం దాటింది. తిన్నారా అని షహర్బాను రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ తిన్నానన్నాడు. నీళ్ళు చల్లుతూ, అరచేతి కింద కాగితం మడిచి గుండ్రంగా రుద్దాడు. మధ్యలో లోతు, అంచుకు తేలిక. ఒక్కో పూతా ఒక్కో వలయమై బయటపడింది. ఎరుపు, గోధుమ, ముదురు పచ్చ, నీలం, ఇంకో నీలం, పసుపు, అట్టడుగున తెలుపు. పుట్టీ రవ్వంతైనా లేదు, ఆ మందమంతా రంగులదే. తెలుపు మీద కుంచెతో గీసిన నల్లటి వంపు ఒకటి.

మహీధర్ వంగి చూశాడు. ఆఫీసులోకి వెళ్ళి ఫైలు తెచ్చాడు. అందులో పాత ఫొటో, ఏదో జర్మను కొండ దారిలో తెల్ల పోర్షా, తలుపు మీద ఇరవై ఏడో నెంబరు. వేరే బండి ఫొటో అంటించి మోసం చేశారని దాన్ని అంతకుముందు అతనే పక్కన పడేశాడు. ఫొటోలో రెండు అంకె తోక ఏడు కిందుగా సాగి, తలుపు అంచు దాటి పక్క రేకు మీదికి పోయింది.

"తలుపు మార్చి ఉండొచ్చుగా, భాయ్," అన్నాడు, గొంతులో మునుపటి గట్టిదనం లేకుండా.

హయాత్ బాషా తలుపు సందుకు అవతల, పక్క రేకు మీద నీళ్ళు చల్లాడు. మల్లేశ్ డబ్బాలు వదిలేసి వచ్చి నిలబడ్డాడు. రంగులు అదే వరసలో ఒక్కొక్కటే జారాయి. తెలుపు వచ్చింది. తెలుపు మీద, తలుపు దగ్గర తెగిన చోటి నుంచే, నల్ల తోక సాగింది.

మల్లేశ్ గీకే మిషను వైరు చుట్టి పక్కన పెట్టేశాడు.

ఐదింటికి వ్యాను హారను కొట్టింది. హయాత్ బాషా చేతులు కడుక్కుని, గేటు కార్డు బల్ల మీద పెట్టి, మల్లేశ్ భుజం తట్టి బయటికి నడిచాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కొలువు అంత మాత్రం చప్పుడుతో ముగిసింది.

వ్యాను కదలబోతుంటే మహీధర్ పరిగెత్తుకొచ్చి కిటికీ పట్టుకున్నాడు. లోపల పదిమంది ఉన్నారు, గొంతు తగ్గించలేదు. "కఫీల్‌కి ఫోన్ చేసి చెప్పేశాను బాషా భాయ్. తప్పు నాది. మిషను సరిగ్గానే చెప్పింది, చదవడమే నాకు రాలేదు."

హయాత్ బాషా తలూపాడు. మహీధర్ వెనక, సగం దించిన షట్టరు కింద, ఎర్రటి రేకు మీద నల్లటి రెండంకె తోక ఇంకా తడారలేదు.