పాట ఆగిన చోటు

పటేలు కొడుకు బూటుకాలితో క్లారినెట్‌ను తన్నినప్పుడు ఆశన్న ఇంకా ఊదుతూనే ఉన్నాడు. ఊదే పీక గొంతులోకి దిగింది. ముందరి నాలుగు పళ్లు ఊడాయి, అంగిలి చీలింది. పక్కన పెద్ద డోలు కొడుతున్న నా చొక్కా మీద రక్తం పడింది.

"లంబాడోళ్ల పెండ్లికి గింత ఊపేందిరా?" అన్నాడు వాడు.

తొంభై ఎనిమిది మే నెల. పెద్ద కొడప్‌గల్ అవతలి తండాలో మోతీరాం బిడ్డ గీత పెండ్లి. మాది బాన్సువాడ బ్యాండు. తండా బారాత్ పటేలు ఇంటి ముందుకు రాగానే మేళం బందు చేయాలి, ఆ ఇంటి ప్రహరీ గోడ దాటాక వాయించుకోవాలి. అది ఆ ఊరి కట్టు. మా కట్టు వేరు. ఎత్తుకున్న పాటను నడుమ ఆపితే పెండ్లికి కీడు. ఒక్క చరణమే మిగిలిందని ఆశన్న ఆపలేదు.

దవాఖానలో కుట్లు వేశారు. ఇక ఊదలేడన్నారు. ఠాణాలో దరఖాస్తు తీసుకోలేదు.

ఎనిమిదో రోజు జుక్కల్, మద్నూర్ బ్యాండ్లన్నీ మా షెడ్డులో కూర్చున్నాయి.

"పటేండ్లతోని పెట్టుకుంటె రేపు మనల ఎవడు పిలుస్తడు?" అన్నాడు మద్నూర్ క్లారినెట్ కిషన్‌లాల్.

"పిలిస్తె పోయి ఏం జేస్తవే కిషనన్నా? నీ పండ్లు గూడ ఇచ్చొస్తవా?" అన్నాడు మా బ్యాండులో తాషా కొట్టే గోప్యా.

"నోరు మంచిగ రానీ!"

తండా నుంచి వచ్చిన గీత తల్లి హేమ్లి లేచి నిలబడింది. "మీ లొల్లి తర్వాత పెట్టుకోండ్రి. నా బిడ్డ పెండ్లి సగం పాటల ఆగింది. ఆగిన కాడికెల్లే ఎత్తుకోవాలె. వస్తరా, రారా?"

కిషన్‌లాల్ తన క్లారినెట్ పీకను నాలుకతో తడిచేసుకున్నాడు.

"ఏ చరణంల ఆపిండ్రక్కా?" అని అడిగాడు.

మరునాడు పొద్దున ఏడు బ్యాండ్లు, వెనక తండా అంతా. పెండ్లి జంట మళ్లీ జీపెక్కింది. మూతికి కట్టుతో ఆశన్న ముందు నడిచాడు. అతని వేళ్లు ఉత్తగాలిలోనే స్వరాలు మూసి తెరుస్తున్నాయి. పటేలు గేటు ముందు ఆ చరణం ఎత్తుకున్నాం.

సగం గోడ దాటేసరికి పోలీసు వ్యాను అడ్డమొచ్చింది. ఎస్సై ఆశన్న కాలరు పట్టాడు.

"నీ పేరేందిరా?"

ఆశన్న నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు.

"చెప్పనీకి బలుపా?" కట్టు మీదనే కొట్టాడు. తెల్లగుడ్డ ఎర్రబడింది.

లాఠీలు లేచాయి. నా డోలు చీల్చారు. కిషన్‌లాల్ వేళ్లను క్లారినెట్‌తో సహా రోడ్డు మీద పెట్టి తొక్కారు. నాతో సహా ఇరవై ముగ్గురిని వ్యానులో కుక్కారు. మేళం ఆగింది. అరుగు మీద పటేలు నవ్వాడు.

అప్పుడు హేమ్లి ఆ చరణాన్ని నోటితో అందుకుంది. బొంగురు గొంతు. తండా ఆడవాళ్లు కలిశారు. పక్క చేనులో పటేలు చెరుకు కొట్టే కూలీలు కొడవళ్లు దించి రోడ్డెక్కారు, వాళ్లూ కలిశారు. జీపు కదిలింది.

వ్యాను జాలీలోంచి చూశాను. గోడ చివర దాటాకనే చరణం పూర్తయింది. ఎవరూ ఇంటిదారి పట్టలేదు. పాటను మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని గేటు వైపు తిరిగారు.