సినిమాలోకి రాని చరణం

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు, చంద్రగిరిలోని ఒక కల్యాణ మండపం పై అంతస్తులో, పెళ్లికొడుకు స్నేహితులు స్పీకర్‌లో ఒక సినిమా పాట పెట్టారు. చాప మీద కూర్చున్న పెళ్లికూతురు లోహితను వేలితో చూపిస్తూ ఆరుగురూ గొంతు కలిపారు. ఆ పాట మాటలు లోహిత మేనత్త గోదావి. గోదా అప్పుడు చందనం గిన్నె పట్టుకుని చాప పక్కన నిలబడి ఉంది.

పప్పు పులుసు తేడా తెలియని పెళ్లికూతురమ్మా
ఉప్పు యాదో చక్కెర యాదో నేర్పి పంపమ్మా

లోహిత పాకాలలో పశువుల డాక్టరు. ఆమె తల దించుకుంది. సిగ్గుతో కాదని గోదాకు తెలుసు.

పెళ్లయిన సాయంత్రం వాళ్ల ఇళ్లల్లో నలంగు ఆడిస్తారు. వధూవరులు ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు చందనం పూసుకుంటారు, కొబ్బరికాయ దొర్లించుకుంటారు, చివర్లో ఒకరి తల చుట్టూ ఒకరు అప్పడాలు తిప్పి విరగ్గొడతారు. ఆడవాళ్లు పాడతారు. పెళ్లికూతురు వైపు వాళ్లు మగపెళ్లివారిని పేరు పెట్టి ఎక్కిరించవచ్చు. ఒకరు లైను పాడితే మిగతావాళ్లు అందుకోవాలి. నలంగులో అన్న మాటకు ఎవరూ కోపం పెట్టుకోకూడదు. ఏడాదంతా మాటలు పడి ఉండే ఆడవాళ్లకు దొరికే గంట అది.

గోదా తన అవ్వ దగ్గర ఆ వరుస నేర్చుకుంది. మాటలు మాత్రం ప్రతి పెళ్లికీ అప్పటికప్పుడు తనే కట్టేది. తొమ్మిదేళ్ల కిందట ఆడబిడ్డ రేవతి పెళ్లిలో కట్టిన పాట ఇది. అప్పుడు అందులో ఉన్నది పెళ్లికొడుకు. దానికి ఇంకో చరణం కూడా ఉంది.

నీళ్లు కాచను రాని సామికి నీల్గుడెంతమ్మా
కాళ్లు కడిగే మామ నడుమే విరిగెనోయమ్మా

ఆ రోజు రేవతి భర్త కూడా నవ్వాడు. అత్తగారు వకుళాదేవి మాత్రం ఇంటికొచ్చాక, "ఏమి నోరే తల్లీ నీది, మగపెళ్లివాళ్ల ముందర మానం తీసినావు" అంది.

గోదా భర్త త్రివిక్రమ్ తిరుపతిలో జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్. అతని శిష్యుడొకడు హైదరాబాదులో ఒక సినిమాకు సహాయ దర్శకుడయ్యాడు. ప్రేమ, పెళ్లి, నవ్వులు, అయిదు పాటలు. హీరోయిన్‌కు వంట రాకపోవడమే అందులో హాస్యం. పెళ్లి సన్నివేశానికి సీమ వాసన ఉన్న పాట కావాలన్నారు. ఒక ఉదయం గోదా దోసెలు పోస్తుంటే త్రివిక్రమ్ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "రేవతి పెళ్లిలో పాడినావే, అది ఒకసారి చెప్పు" అన్నాడు. ఆమె పెనం మీద కన్ను తియ్యకుండానే పాడింది. ఒక దోసె మాడింది. "ఇది నువ్వే తిను, నాకు ఇంకోటి పొయ్యి" అన్నాడు.

ఆరు నెలల తర్వాత ఆమె ఆ పాటను సిటీ బస్సులో విన్నది. పక్క సీటు అమ్మాయి ఫోనులో మొదట నాదస్వరం, తర్వాత డప్పులు, ఆ తర్వాత తన మాటలు. అడిగి ఫోను తీసుకుని చూసింది. సాహిత్యం: త్రివిక్రమ్. రెండో చరణం లేదు. దాన్ని ఆడపిల్ల మీదికి తిప్పడం కుదరదు, ఆడపిల్ల కాళ్లు ఎవరూ కడగరు.

ఆ సాయంత్రం అడిగింది. ఒకే ఒక్కసారి అడిగింది. పేరు సంగతి కాదు, ముందు ఆ మాట ఎందుకు మార్చారని.

"ఒక్క మాట మార్చినాను, అంతే గదా. హీరో పాడే పాట. హీరో తన్ను తానే ఎక్కిరించుకుంటాడా?" అన్నాడు త్రివిక్రమ్. "అయినా నలంగు పాటకు కోపం తెచ్చుకోకూడదని మీ ఆడోళ్లే గదా అంటారు."

ఏడాదిగా ఆమె ఈ జవాబును తిప్పి తిప్పి చూసింది. కూరగాయలు తరుగుతూ, టిఫిన్ డబ్బాలు సర్దుతూ, తను గుమాస్తాగా పనిచేసే ప్రైవేటు స్కూల్లో హాజరు పట్టీలు రాస్తూ చూసింది. అతను అబద్ధం చెప్పలేదు, అదే ఆమెను తినేసింది. దొంగతనం చేశానని అతను అనుకోవడం లేదు. పెరట్లో కరివేపాకు రెబ్బ తుంచుకున్నట్టు తుంచుకున్నాడు. ఇంట్లో ఉన్నది ఇంటిదే కదా అని అతని లెక్క. మరి అతను చేతి రుమాలు మీద పేరు ఎందుకు కుట్టించుకుంటాడు? పుస్తకం కొనగానే మొదటి పేజీలో సంతకం ఎందుకు పెడతాడు? ఈ ప్రశ్నలు ఆమె లోపలే అడిగింది. పైకి అడిగితే, "చిన్నదానికి ఇంత రాద్ధాంతమా" అని ఒక మాట వస్తుంది, ఆ మాట ఆమెకు ముందే తెలుసు. స్కూలు వార్షికోత్సవంలో పిల్లలు ఆ పాటకే ఆడారు. గోదా తెర వెనక వాళ్ల జడకుచ్చులు కట్టింది. "సారు రాసిన పాటంట గదా మేడం, అదృష్టవంతులు. ముఖ్య అతిథిగా రమ్మని మీరే చెప్పండి" అని హెడ్మిస్ట్రెస్ ఆహ్వానం ఆమె చేతికే ఇచ్చింది. తన పాటకు తన భర్తను పిలిచే కార్డు ఆమె తన సంచిలో పెట్టుకుని, బస్సెక్కి, ఇంటికి మోసుకుపోయింది.

వంటింట్లో ఆ వరుస కూనిరాగం తీసినా తప్పయింది. "పెరుమాళ్లు ఉండే ఇంట్లో సినిమా పాటలేందే" అనేది వకుళాదేవి. అదే పాట టీవీలో వస్తే, "మావాడిది. మన సంప్రదాయం" అని పొరుగువాళ్లను పిలిచేది. నెల కిందట లోహిత ఫోను చేసి, "అత్తా, నా నలంగుకు నువ్వే పాడాల. వేరే ఎవురూ వద్దు" అంది. గోదా సరేనంది. ఆ మాట విని వకుళాదేవి ఆమెను పక్కకు పిలిచింది.

"నువ్వు పాడొద్దు. జనం ఏమనుకుంటారు? వాడు నీ దగ్గర తీసుకున్నాడనుకుంటారు."

రేవతి పెళ్లిలో విన్న పాటను అత్తగారు ఎప్పుడో మరిచిపోయిందనుకుంది గోదా. ఆ ఇంట్లో నిజం తెలిసిన మూడో మనిషి అత్తగారే అని అప్పుడే తెలిసింది.

పెళ్లికొడుకు పరాశర్ స్నేహితుడు నరేంద్ర స్పీకర్ ఆపి త్రివిక్రమ్ చేతికి తీగ లేని మైకు ఇచ్చాడు. "సార్, రాసినోళ్లే ఈడ ఉంటే మాకు రికార్డెందుకు? లోహిత పేరు పెట్టి కొత్త చరణం కొట్టండి సార్!"

అందరూ చప్పట్లు కొట్టారు. త్రివిక్రమ్ నవ్వి, స్విచ్ ఆపి, గోదా పక్కకు వచ్చాడు.

"రెండు లైన్లు బిన్నా చెప్పు, టైము లేదు. లోహిత పేరు రావాల."

"ఎవురి మీద?"

"ఎవురి మీదేంది, లోహిత మీద. వాళ్లు కాచుకోనుండారు."

రెండు లైన్లు ఆమె నాలుక మీదే ఉన్నాయి. పద్దెనిమిదేళ్లుగా అడిగినప్పుడల్లా ఇచ్చింది. కాలేజీ వీడ్కోలు సభలకు, పదవీ విరమణ సన్మానాలకు, శుభలేఖలకు. చాప మీద నుంచి లోహిత ఆమెనే చూస్తోంది.

"మీరు రాసిన పాట గదా" అంది గోదా.

 త్రివిక్రమ్ మైకు స్విచ్ వేసి, పాత చరణమే ఇంకోసారి పాడాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. "కొత్తది సార్, కొత్తది!" అని అరిచారు.

గోదా చందనం గిన్నె కింద పెట్టి లోహిత వెనక కూర్చుంది. మైకు అడగలేదు.

పప్పు పులుసు తేడా తెలియని పెళ్లికొడుకమ్మా

"ఆంటీ, తప్పు పాడతాండారు!" అన్నాడు నరేంద్ర. "పెళ్లికూతురమ్మా అని గదా ఉండేది. రాసిన సారునే అడగండి, పక్కనే ఉండాడు."

"తప్పు కాదు నాయనా. నేను కట్టింది ఇట్లనే" అంది గోదా.

ఎవరూ అందుకోలేదు. ఆడవాళ్లందరూ వకుళాదేవి వైపు చూశారు. వకుళాదేవి తమలపాకులు తుడుస్తోంది.

"అవును, ఇట్లనే" అని ఒక గొంతు వినిపించింది. రేవతి. ఒడిలో బిడ్డను పక్కనామెకు ఇచ్చి ముందుకు జరిగింది. "నా పెళ్లిలో వదిన పాడింది ఇదే. మా ఆయన్నడగండి, కాళ్లు కడిగే మాట కూడా ఉండాది." ఆమె ఆ లైను అందుకుంది. తర్వాత లోహిత అందుకుంది. నలంగులో పెళ్లికూతురే తన వైపు పాట అందుకోవడం అక్కడ చాలామంది మొదటిసారి చూశారు.

గోదా నీళ్లు కాచే చరణం పాడింది. పొద్దున పెళ్లిలో పరాశర్ కాళ్లు కడిగి నడుము పట్టేసిన లోహిత నాయన గట్టిగా నవ్వాడు. పరాశర్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "కాచను వచ్చండీ, గీజరుంది" అన్నాడు. ఆడవాళ్లు ఇంకా గట్టిగా అందుకున్నారు.

"కొత్తది అడిగినారు గదా" అంది గోదా.

గోదా అత్తగారింట్లో కోడళ్లు భర్త పేరు పలకరు. పద్దెనిమిదేళ్లలో గోదా నోట ఆ పేరు వకుళాదేవి వినలేదు.

పాట రాసే త్రివిక్రముడు ఈడనే ఉండాడమ్మా
మాట కోసం వంటగడప తొక్కుతాడమ్మా

రేవతి అందుకుంది. లోహిత అందుకుంది. మూడోసారికి మగపెళ్లివారి ఆడవాళ్లు కూడా అందుకున్నారు. వకుళాదేవి అందుకోలేదు. తమలపాకులు తుడవడం ఆపింది.

త్రివిక్రమ్ గోదా పక్కనే నిలబడి ఉన్నాడు. పాత చరణం పాడడానికి వేసిన మైకు అతని చేతిలోనే ఉంది, స్విచ్ ఆపలేదు. ఆ చరణం కింది అంతస్తులో భోజనాల హాలుకు కూడా వినిపించింది.